ధ్వనిలోకం – సి.వి. రామన్ జీవితం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ఉన్న ఖాళీ రేకు డబ్బా మూతను చెంచాతో ఒకసారి కొట్టి వినండి. తరువాత మీ ఊరి గుడిలోనో భజన మందిరంలోనో మృదంగమో తబలానో ఉంటే, దాన్ని వేలితో ఒకసారి కొట్టి వినండి. రెండూ దెబ్బలే. కాని మొదటిది చప్పుడు, రెండవది స్వరం. మొదటిదాన్ని పది నిమిషాలు వింటే తలనొప్పి వస్తుంది. రెండవదాన్ని రాత్రంతా కూర్చుని వినేవారున్నారు. ఈ తేడా ఎక్కడుంది? కొట్టిన వస్తువులో ఉందా, మన చెవిలో ఉందా, మనం కూర్చున్న గదిలో ఉందా?

సుమారు నూరేళ్ల కిందట కలకత్తాలో ఒక ప్రభుత్వోద్యోగి ఈ ప్రశ్న వెంట పడ్డాడు. ఆయన పేరు చంద్రశేఖర వెంకట రామన్. సి.వి. రామన్ అనగానే మీకు నోబెల్ బహుమతి, కాంతి, రామన్ ఫలితం గుర్తుకు వస్తాయి. అది నిజమే. అయితే కాంతి మీద ఆ గొప్ప పని చేయడానికి ముందు ఆయన దాదాపు పన్నెండేళ్లపాటు ఎక్కువగా ధ్వని మీదనే పనిచేశారు. అందులోనూ మొదటి పదేళ్ల పని ఆఫీసు వేళకు ముందు, ఆఫీసు ముగిసిన తరువాత చేసినది. మీలో చాలామంది పగలంతా ఏదో ఒక పని చేసి, రాత్రి దీపం ముందు ఈ పుస్తకం తెరిచేవారే. అందుకే ఈ పాఠంలో రామన్ జీవితంలోని ఆ భాగాన్నే కొంచెం ఎక్కువగా చూద్దాం.

విశాఖపట్నంలో బాల్యం

రామన్ 1888 నవంబరు 7న తమిళనాడులో తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతి అమ్మాళ్. ఎనిమిదిమంది పిల్లల్లో ఆయన రెండవవారు. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడిగా ఉద్యోగం వచ్చింది. గణితం, భౌతికశాస్త్రం ఆయన బోధించే విషయాలు. కుటుంబమంతా విశాఖకు తరలివచ్చింది. అంటే నాలుగేళ్ల వయసు నుంచి పదమూడేళ్లు దాటేవరకు రామన్ పెరిగింది తెలుగు ఊళ్లోనే. అక్కడి సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండవ ఏట మెట్రిక్యులేషన్, తండ్రి పనిచేసే కళాశాలలో చదివి పదమూడవ ఏట ఎఫ్.ఎ. పూర్తిచేశారు. ఎఫ్.ఎ. అంటే ఇప్పటి ఇంటర్మీడియట్ వంటిది.

తండ్రికి ఫిడేలు వాయించడం వచ్చు. ఇంటినిండా పుస్తకాలు. ఒకే ఇంట్లో భౌతికశాస్త్రం, ఫిడేలు రెండూ ఉండటం ఈ కథలో ముఖ్యమైన సంగతి. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ స్వరాల గురించి, చెవి వాటిని గ్రహించే తీరు గురించి రాసిన పెద్ద పుస్తకాన్ని రామన్ విద్యార్థి దశలోనే చదివారు. తన ఆలోచనను మలచిన మూడు పుస్తకాల్లో దాన్ని ఒకటిగా తరువాత చెప్పుకున్నారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1904లో బి.ఎ., 1907లో ఎం.ఎ. పూర్తిచేశారు. రెండింటిలోనూ ఆయనదే మొదటి స్థానం. 1906లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, కాంతి మీద ఆయన రాసిన పరిశోధన వ్యాసం లండన్ పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు.

జీతమా, శాస్త్రమా?

ఇంత తెలివైన కుర్రవాడు ఆ రోజుల్లో ఇంగ్లండు వెళ్లి చదవాలి. కాని వైద్య పరీక్షలో, మనిషి బలహీనంగా ఉన్నాడు, అక్కడి చలికి తట్టుకోలేడు అని మద్రాసు సివిల్ సర్జన్ తేల్చారు. ఆ దారి మూసుకుపోయింది. మన దేశంలో పరిశోధన చేస్తే జీతమిచ్చే చోటు దాదాపుగా లేదు. మిగిలింది సర్కారు ఉద్యోగం. రామన్ 1907లో ఆర్థిక శాఖ పోటీపరీక్ష రాసి మొదటి స్థానంలో వచ్చారు. అదే సంవత్సరం లోకసుందరి అమ్మాళ్‌ను పెళ్లాడారు. ఆమె వీణ వాయించేవారు. జూన్‌లో భార్యతో కలకత్తా చేరి అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా పనిలో చేరారు. పంతొమ్మిదేళ్లు నిండకుండానే పెద్ద ఉద్యోగం, మంచి జీతం. బంధువులకు ఇంతకంటే ఏం కావాలి?

చాలామంది కథ ఇక్కడితో ముగిసేది. రామన్ కథ ముగియకపోవడానికి ఒక ట్రాము ప్రయాణం కారణం. బౌబజారు వీధిలో ట్రాములో వెళుతూ 210 నంబరు భవనం మీద ఒక బోర్డు చూశారు. ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. భారతీయులు తమంతట తాము శాస్త్రం నేర్చుకుని పరిశోధన చేయాలని డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో చందాలు పోగుచేసి స్థాపించిన సంస్థ అది. భవనం ఉంది, ఉపన్యాసశాల ఉంది, పరికరాలున్నాయి. పరిశోధన చేసేవారు మాత్రం లేరు. రామన్ వెళ్లి తలుపు తట్టారు. తీసినవాడు ఆశుతోష్ దే అనే సహాయకుడు. స్థాపకుడి కుమారుడు అమృతలాల్ సర్కార్ అప్పుడు సంస్థ కార్యదర్శి. ఈ యువకుడు వచ్చి ప్రయోగాలు చేసుకుంటానంటే ఆయన ఎంతో సంతోషించారు.

అప్పటి నుంచి రామన్ దినచర్య ఇలా నడిచింది. తెల్లవారి అయిదున్నరకే ప్రయోగశాల. పావుతక్కువ పదికి ఇంటికి వచ్చి, స్నానం, భోజనం హడావిడిగా ముగించి ఆఫీసుకు పరుగు. సాయంత్రం అయిదుకు ఆఫీసు నుంచి తిన్నగా మళ్లీ ప్రయోగశాలకు. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నరో పదో. సెలవురోజులు పూర్తిగా అక్కడే. మధ్యలో 1909లో రంగూన్‌కు, 1910లో నాగపూర్‌కు బదిలీ అయ్యాయి. 1911లో కలకత్తాకు తిరిగివచ్చాక అసోసియేషన్ పక్కనే ఇల్లు తీసుకున్నారు. ఇంటికీ ప్రయోగశాలకూ మధ్య గోడలో ఒక తలుపు పెట్టించుకున్నారు. ఈ దినచర్య భారమంతా ఇంట్లో ఎవరు మోసి ఉంటారో చెప్పనక్కరలేదు. లోకసుందరి అమ్మాళ్ పేరు పరిశోధన వ్యాసాల మీద కనిపించదు గాని, ఆ పదేళ్లు ఆమెవి కూడా.

ఆశుతోష్ దే సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. పరికరాలు తుడవడం, సర్దడం, అడిగినది అందించడం ఆయన పని. రామన్‌తో కలిసి రోజూ పనిచేస్తూ ప్రయోగం చేయడం నేర్చుకున్నారు. ధ్వనిలో అన్నిటికంటే మొదట కొలవవలసినది, సెకనుకు ఎన్ని కంపనలు అన్నది. దీన్నే పౌనఃపున్యం అంటారు. దాన్ని కచ్చితంగా కొలిచే కొత్త పద్ధతి గురించి ఆశుతోష్ దే తన పేరుతో రాసిన వ్యాసం 1919లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో, రామన్ రాసిన ముందుమాటతో, అచ్చయింది. పట్టా లేని మనిషి పేరు ఆ పత్రికలో కనిపించడం ఎంత అరుదో ఆలోచించండి.

తీగ, కమాను, తోడేలు

ఖరీదైన పరికరాలు లేవు. కాని సంగీత వాయిద్యాలు ప్రతి వీధిలోనూ దొరుకుతాయి. రామన్ ఎంచుకున్న దారి అది. 1909లోనే బెంగాలు బిచ్చగాళ్లు మీటే ఏక్‌తారా మీద ఒక వ్యాసం రాశారు. తరువాత ఫిడేలును పట్టుకున్నారు.

ఫిడేలు తీగ మీద కమాను లాగితే తీగ ఎలా కదులుతుంది? కమాను తీగను అంటిపెట్టుకుని కొంతదూరం లాక్కుపోతుంది. తీగ జారి వెనక్కి వస్తుంది. మళ్లీ అంటుకుంటుంది. ఇది సెకనుకు వందలసార్లు జరుగుతుంది. రామన్ దీనికి పూర్తి గణిత సిద్ధాంతం కట్టి 1918లో పెద్ద గ్రంథంగా ప్రచురించారు. అయితే సిద్ధాంతం ఒక్కటే చాలదు కదా. మనిషి చేయి ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా లాగుతుంది. ఆ చేతితో కొలత ఎలా సాధ్యం? అందుకని ఆయన ఒక యంత్రం తయారుచేశారు. అందులో కమాను కదలదు. ఫిడేలే ఒక బండి మీద ఒకే వేగంతో అటూ ఇటూ కదులుతుంది. కమాను ఎంత బరువుతో తీగను నొక్కాలి, బ్రిడ్జికి ఎంత దూరంలో ఉండాలి అన్నవి ఒక్కొక్కటే మార్చి కొలిచారు. నొక్కుడు ఒక హద్దుకంటే తగ్గితే స్వరం నిలవదని అంకెలతో తేలింది.

ఈ పనిలో ఆయనను బాగా ఆకర్షించినది ఒక లోపం. సెల్లో అనే పెద్ద ఫిడేలు జాతి వాయిద్యం ఉంది. ఎంత మంచి సెల్లో అయినా ఏదో ఒక స్వరం దగ్గర మాత్రం గుర్రుమని వణుకుతుంది. యూరపు వాద్యకారులు దాన్ని తోడేలు స్వరం అంటారు. రామన్ 1916లో దీనికి కారణం చూపించారు. వాయిద్యం చెక్కకు తనదైన సహజ పౌనఃపున్యం ఒకటి ఉంటుంది. తీగ స్వరం సరిగ్గా దానితో కలిసినప్పుడు చెక్క తీగ శక్తిని గుంజేసుకుని పెద్దగా ఊగుతుంది. శక్తి పోయిన తీగ తన స్వరం నిలుపుకోలేక పడిపోతుంది. తీగ పడిపోయేసరికి చెక్క ఊగడమూ తగ్గుతుంది. అప్పుడు తీగ మళ్లీ లేస్తుంది. ఈ పడిలేవడమే గుర్రుమనే శబ్దం. తీగ కదలికనూ చెక్క కదలికనూ ఒకేసారి ఫొటో తీసి ఆయన దీన్ని రుజువు చేశారు.

ఇది సంగీతవిద్వాంసుల సంగతి మాత్రమే అనుకోకండి. కుట్టుమిషన్ నడుపుతున్నప్పుడు బల్ల మీది కత్తెర ఒక వేగం దగ్గర గలగలమంటుంది. ఇంకా వేగంగా తొక్కితే ఆగిపోతుంది. నీళ్ల మోటారు మీద కప్పిన రేకు ఒక్కోసారి చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. చేయి ఆనించగానే ఊరుకుంటుంది. ఇక్కడ జరిగేది కూడా అదే. దీన్ని అనునాదం అంటారు. యంత్రం నిజంగా చేసే చప్పుడు కొంచెమే, దాన్ని పెంచి వినిపించేది రేకు. రేకు మీద ఒక గోనెపట్టా, కింద రబ్బరు ముక్క పెడితే సగం గోల అక్కడే చస్తుంది. చప్పుడు పుట్టేచోటే దాన్ని పట్టుకోవాలన్నది పని చేసేచోట్ల ధ్వనిని అదుపుచేసే ఇంజనీర్ల మొదటి సూత్రం.

మృదంగం రొద ఎందుకు కాదు?

ఇప్పుడు పాఠం మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం.

తీగను మీటితే అది ఒకే పౌనఃపున్యంతో కాక, ఒకేసారి అనేక పౌనఃపున్యాలతో కంపిస్తుంది. అన్నిటికంటే కిందిది సెకనుకు 100 అనుకోండి. మిగిలినవి 200, 300, 400 ఇలా వస్తాయి. రెట్ల లెక్కలో ఉన్న ఇలాంటి ధ్వనులను చెవి కలిపి ఒకే స్వరంగా వింటుంది. ఇక బిగించిన మామూలు తోలు సంగతి వేరు. డప్పులాంటి సాదా తోలును కొడితే కిందిది 100 అయినప్పుడు తరువాతివి సుమారు 159, 214, 230 ఇలా వస్తాయి. వీటి మధ్య పొంతన లేదు. చెవికి అది స్వరంగా అందదు, మోతగా అందుతుంది. డబ్బా మూత గతి కూడా ఇంతే.

అందుకే యూరపు శాస్త్రవేత్తలు డోలు జాతి వాయిద్యాలను సంగీతానికి పనికివచ్చే వాటిగా లెక్కించలేదు. వారికి మృదంగం తెలియదు. 1920లో రామన్, శివకాళి కుమార్ కలిసి ఇంగ్లండు పత్రిక నేచర్‌లో ఒక చిన్న వ్యాసం రాశారు. మృదంగం, తబలాల తోలు మధ్యలో గుండ్రంగా ఒక నల్లని ముద్ద ఉంటుంది, చూసే ఉంటారు. ఇనుప పొడి, అన్నం ముద్ద వంటివి కలిపి పొర మీద పొర రుద్ది ఆరబెట్టినది. ఆ బరువు ఉండటం వల్ల తోలు కంపించే తీరే మారిపోతుంది. దారితప్పిన పౌనఃపున్యాలు జరిగి జరిగి 100, 200, 300, 400, 500 అనే వరుసలోకి వచ్చి కూర్చుంటాయి. తోలు మొదటి తొమ్మిది రకాల కంపనలు ఇలా అయిదు స్వరాల్లోకి సర్దుకుంటాయని ఆయన చూపించారు. తోలు మీద సన్నని ఇసుక చల్లి కొడితే, కదలని గీతల మీదకు ఇసుక చేరి బొమ్మలు కడుతుంది. ఆ బొమ్మలే సాక్ష్యం. ఈ పనిని మరింత వివరంగా 1934లో మళ్లీ ప్రచురించారు.

ఈ విషయం నాకు ఎప్పుడు తలచినా ఆశ్చర్యంగానే ఉంటుంది. ఎవరో పేరు తెలియని వాద్యాల పనివారు, గణితం రాకుండా, చెవి ఒక్కటే ఆధారంగా, ఎన్నో తరాలపాటు ముద్ద కొంచెం పెంచి, కొంచెం గీకి, ఈ చిక్కు విప్పారు. రామన్ వారిని తక్కువ చేయలేదు. వారి చేతిపనిలో ఉన్న శాస్త్రాన్ని లెక్కకట్టి లోకానికి చెప్పారు.

వీణ, తంబురాల విషయమూ ఇలాంటిదే. తీగను సరిగ్గా నడిమధ్యలో మీటితే, అక్కడ కదలకుండా ఉండవలసిన స్వరాలు, అంటే రెండవది, నాలుగవది, పుట్టకూడదని పాత సిద్ధాంతం. తంబురాలో అవి స్పష్టంగా వినిపిస్తాయి. కారణం దాని బ్రిడ్జి. ఫిడేలు బ్రిడ్జిలా అది పలచగా ఉండదు, వెడల్పుగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. కంపించే తీగ ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉంటుంది. తంబురాలో తీగ కింద పెట్టే దారప్పోగు కూడా ఇందుకే. రామన్ 1921లో దీన్ని వివరించారు. ఇంట్లో వీణ ఉన్న శాస్త్రవేత్తకు ఆ ప్రశ్న తట్టడంలో వింతలేదు.

సగం జీతానికి

ఈలోగా ఆయన జీవితంలో పెద్ద మలుపు వచ్చింది. కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన ఆశుతోష్ ముఖర్జీ, తారక్‌నాథ్ పాలిత్ విరాళంతో ఏర్పడిన భౌతికశాస్త్ర ఆచార్య పదవిని రామన్‌కు ఇవ్వజూపారు. ఆ పదవికి వచ్చేవారు విదేశాల్లో శిక్షణ పొంది ఉండాలని ఒక నిబంధన. నేర్చుకోవడానికి విదేశం వెళ్లనని రామన్ పట్టుపట్టారు. నిబంధనే సడలించవలసి వచ్చింది. 1917లో ఆయన సర్కారు ఉద్యోగం వదిలి ఆచార్యుడయ్యారు. ప్రభుత్వంలో వచ్చే జీతంలో సుమారు సగమే అక్కడ. పదేళ్ల సర్వీసు, పై పదవులు, పింఛను అన్నీ వదులుకున్నారు. దాచుకున్న ఆస్తి లేని మధ్యతరగతి కుటుంబానికి ఇది చిన్న నిర్ణయం కాదు.

గుమ్మటం కింద గుసగుస

1921లో రామన్ మొదటిసారి సముద్రం దాటారు. ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయాల సభ జరిగింది. ఆ సభకు కలకత్తా ప్రతినిధిగా వెళ్లారు. లండన్‌లో సెయింట్ పాల్ చర్చికి పెద్ద గుమ్మటం ఉంది. దాని లోపల గుండ్రంగా తిరిగే వసారా ఉంది. అక్కడ గోడకు నోరు ఆనించి గుసగుసగా మాట్లాడితే ఎదుటి వైపు గోడ దగ్గర ఉన్నవారికి వినిపిస్తుంది. యాత్రికులు వచ్చి, విని, నవ్వుకుని వెళతారు. రామన్ అక్కడ సదర్లాండ్ అనే సహచరుడితో కలిసి కొలతలు మొదలుపెట్టారు.

మన దేశంలో ఇలాంటి చోటు కర్ణాటకలోని బీజాపూర్‌లో ఉంది. దాన్ని ఇప్పుడు విజయపుర అంటున్నారు. మహమ్మద్ ఆదిల్ షా సమాధి అయిన గోల్ గుంబజ్ అక్కడిదే. 1656లో ఆయన మరణించేనాటికి కట్టిన ఆ గుమ్మటం లోపలి వ్యాసం సుమారు 38 మీటర్లు. పైన లోపలి అంచున తిరిగి రావడానికి వసారా ఉంది. హైదరాబాదు నుంచి, రాయలసీమ నుంచి చాలామంది తెలుగువారు చూసి వచ్చినదే. అక్కడ ఒకసారి చప్పట్లు కొడితే పలుమార్లు తిరిగి వినిపిస్తుంది. లెక్క చూడండి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఎదుటి గోడను తాకి తిరిగి రావడానికి 76 మీటర్లు. అంటే సుమారు సెకనులో అయిదవ వంతు. సెకనులో పదవ వంతు కంటే ఎడం ఉంటే చెవి రెండు చప్పుళ్లనూ విడివిడిగా పట్టగలదు. కనుక ప్రతిధ్వని స్పష్టంగా వినిపిస్తుంది.

చప్పట్ల సంగతి సరే, గుసగుస అంత దూరం ఎలా పోతుంది? గుమ్మటం అద్దంలా పనిచేసి ధ్వనిని ఎదుటి బిందువు దగ్గర పోగుచేస్తుందని పూర్వం ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు చెప్పాడు. ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీ దాన్ని ఒప్పుకోలేదు. అలాగయితే ఎదురుగా ఒక్కచోటే వినిపించాలి కదా, గోడ వెంట అంతటా వినిపిస్తున్నదేమిటి? ధ్వని వంపు గోడను అంటిపెట్టుకుని, దాని వెంట పాకుతూ పోతుందని ఆయన వివరణ. ఆరుబయట మీరు మాట్లాడితే ధ్వని అన్నివైపులా చెదురుతుంది. ఒక మీటరు దూరంలో ఉన్న బలం పది మీటర్ల దగ్గర నూరవ వంతు అవుతుంది. గోడను పట్టుకుని పాకే ధ్వని అలా చెదరదు. దాని బలం అదే దూరంలో సుమారు పదవ వంతు వరకే తగ్గుతుంది. రామన్, సదర్లాండ్ కొలిచి చూడగా రేలీ చెప్పింది చాలావరకు నిజమే, కాని పూర్తిగా కాదని తేలింది. గోడ నుంచి మెల్లగా ఇవతలికి జరిగితే ధ్వని తిన్నగా తగ్గిపోలేదు. తగ్గి, పెరిగి, మళ్లీ తగ్గింది. ఆ ఫలితాలు 1921, 1922లలో ఇంగ్లండు పత్రికల్లో వచ్చాయి. గోల్ గుంబజ్ సహా మన దేశంలోని ఇలాంటి కట్టడాల గురించి కూడా ఆయన రాశారు.

ఇది వింతల ఖాతాలో వేసి వదిలేయవలసిన విషయం కాదు. నున్నని, గట్టి, వంపు తిరిగిన గోడ మాటను మోసుకుపోతుందంటే, పదిమంది కలిసి పనిచేసే గదికి అది శత్రువన్నమాట. ఒక మూల ఇద్దరు రహస్యంగా మాట్లాడుకున్నది ఇంకో మూల వినిపిస్తుంది. మధ్యలో ఉన్నవారికి వినిపించకపోవచ్చు కూడా. చదునైన గోడలయినా, గచ్చు, గాజు, సున్నం వంటి గట్టి తలాలు ధ్వనిని మింగవు, తిప్పికొడతాయి. ఒక మాట ఆరిపోకముందే ఇంకో మాట వచ్చి దాని మీద పడుతుంది. వినబడటం కోసం ప్రతివారూ గొంతు పెంచుతారు. గది మొత్తం సంత అవుతుంది.

రామన్ కలకత్తాలో ఉద్యోగానికి చేరడానికి పన్నెండేళ్ల ముందే అమెరికాలో ఒకాయన ఈ సమస్యను కొలతలోకి తెచ్చాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో ఎవరేం చెప్పినా అర్థమయ్యేది కాదు. వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి 1895లో ఆ పని అప్పగించారు. ఆయన పక్క థియేటరు నుంచి కుర్చీల మీది మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి గదిలో పరిచాడు. ఖాళీ గదిలో ఒక ధ్వని ఆరిపోవడానికి సుమారు అయిదున్నర సెకన్లు పట్టేది. మెత్తలతో నింపేసరికి అది ఒక సెకను పైచిలుకుకు దిగింది. గది ఎంత పెద్దదైతే మారుమోత అంత ఎక్కువసేపు, మెత్తని తలం ఎంత ఎక్కువైతే అంత తక్కువసేపు అన్న లెక్క అక్కడ పుట్టింది. ఇప్పటికీ సినిమాహాళ్లూ, నడుమ గోడలు లేని పెద్ద ఆఫీసు హాళ్లూ కట్టేవారు మొదట వేసేది ఈ లెక్కే. పైకప్పుకు సన్నని చిల్లుల పలకలు, నేల మీద తివాచీ, బల్లల మధ్య గుడ్డ చుట్టిన అడ్డుతెరలు అందుకోసమే. ఖాళీ ఇంట్లో మాట బోలుగా మోగి, సామాను చేర్చాక మామూలుగా వినిపించడం మీకు అనుభవమే. అదీ సబీన్ లెక్కే.

ఒక సంగతి గుర్తుంచుకోండి. మెత్తని తలం గదిలోని మారుమోతను తగ్గిస్తుందే కాని, పక్కవాడు నేరుగా మీ చెవిలో చెప్పే మాటను ఆపదు. పనిని చెడగొట్టేది ఎక్కువసార్లు పెద్ద చప్పుడు కాదు, అర్థమయ్యే మాట. ఫ్యాను రొదలో లెక్కలు చేసుకోగలం. వెనక బల్ల దగ్గర పెళ్లి కబుర్లు నడుస్తుంటే చేసుకోలేం.

కాంతి వైపు

ఇంగ్లండు నుంచి 1921లోనే తిరిగి వస్తున్నప్పుడు ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి రామన్ ఆలోచనలో పడ్డారు. అక్కడి నుంచి ఆయన పని కాంతి వైపు తిరిగింది. ఈ భాగం మీకు చాలావరకు తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1928 ఫిబ్రవరి 28న, కె.ఎస్. కృష్ణన్ వంటి సహచరుల సాయంతో, రామన్ ఫలితం అని పేరుపొందిన ఆవిష్కరణ జరిగింది. పదార్థంలో చెదిరిన కాంతిలో కొంత భాగం తన పౌనఃపున్యాన్ని మార్చుకుంటుందని తేలింది. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. 1987 నుంచి ఫిబ్రవరి 28ని జాతీయ విజ్ఞానశాస్త్ర దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ధ్వనిని మాత్రం ఆయన పూర్తిగా వదల్లేదు. 1927లో జర్మనీలో వెలువడిన భౌతికశాస్త్ర మహాగ్రంథంలో సంగీత వాయిద్యాల అధ్యాయం ఆయన చేత రాయించారు.

1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరిన వారిలో కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం ఒకరు. ఆయన 1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. చెవికి వినిపించని అతిధ్వనుల మీద అక్కడ తరువాత చాలా పరిశోధన జరిగింది. రామన్ 1933లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వెళ్లారు. అక్కడ నాగేంద్రనాథ్‌తో కలిసి 1935, 1936లలో, ద్రవంలో ప్రయాణించే అతిధ్వని తన గుండా పోయే కాంతిని ఎలా వంచుతుందో వివరించారు. ఆయన ఇష్టపడిన రెండు విషయాలూ ఆ ఒక్క పనిలో కలిశాయి.

ఆయన మెతక మనిషి కాదు. పాలకమండలితో తగవుపడి 1937లో డైరెక్టరు పదవి వదిలారు. 1933లో కమలా భాగవత్ అనే విద్యార్థిని ఆ సంస్థలో చేరతానంటే ఆడపిల్ల అని కాదన్నారు. ఆమె కదలక పట్టుబట్టడంతో, ఒక ఏడాది చూస్తానన్న షరతు మీద చేర్చుకున్నారు. ఆమె పని చూశాక ఆయన మనసు మారింది. కమలా సొహోనీ పేరుతో ఆమె పెద్ద శాస్త్రవేత్త అయ్యారు. ఇంగ్లండు చలికి పనికిరాడని ఒకప్పుడు తనను వెనక్కి పంపిన సంగతి ఆయనకు ఆ రోజు గుర్తుకు రాలేదు కాబోలు.

1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించారు. 1948లో ఉద్యోగ విరమణ చేసి బెంగుళూరులోనే సొంత పరిశోధనాలయం పెట్టుకున్నారు. 1954లో భారతరత్న వచ్చింది. ఏటా గాంధీ జయంతినాడు అక్కడ ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చేవారు. 1970 అక్టోబరు 2న ఇచ్చినదే ఆఖరుది. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్లు నిండవస్తున్నాయి. ఆనాడు ఆయన ఎంచుకున్న విషయం చెవి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే చిన్న భాగం ధ్వనిని ఎలా గ్రహిస్తుందన్నది చెప్పారు. విద్యార్థిగా ఉన్నప్పుడు హెల్మ్‌హోల్ట్జ్ పుస్తకంలో చదివిన ప్రశ్నే అది. నవంబరు 21న ఆయన కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఏ ఆచారాలూ లేకుండా ఆ పరిశోధనాలయం తోటలోనే దహనం చేసి, ఆ చోట ఒక చెట్టు నాటారు.